రోల్స్ రాయిస్: పేరు గొప్పా, బండి గొప్పా?

రోల్స్ రాయిస్ నిజంగా అంత గొప్ప కారేనా, ఉత్త పేరుకే అన్ని కోట్లు పోస్తున్నారా, ఇప్పుడది బీఎండబ్ల్యూ వాళ్లదే కదా అని అడిగారు. చివర్లో, ఆ కంపెనీదే ఘోస్ట్ అనే మోడల్, పాతదొకటి చవగ్గా వస్తోంది, కొనొచ్చా అని కూడా అడిగారు. నేను ఆ కారు కొన్నవాణ్ణి కాదు, తోలినవాణ్ణి. మాది కడప జిల్లా. కువైట్‌లో ఖాదిం వీసా (ఇంటి పనివాళ్లకిచ్చే వీసా) మీద ఒకే ఇంట్లో తొమ్మిదేళ్లు డ్రైవర్‌గా ఉన్నాను. మొదటి మూడేళ్లు పిల్లల్ని స్కూలుకు దింపే పెద్ద జీఎంసీ, ఆ తర్వాత ఆరేళ్లు వాళ్ల ఫాంటమ్, రోల్స్ రాయిస్‌లోనే ఒక మోడల్. కాబట్టి స్టీరింగు వెనక నుంచి కనిపించిందే చెబుతాను.

ఫాంటమ్ నా చేతికి రాకముందు దాన్ని ఒక పెద్దాయన నడిపేవాడు, మలయాళీ. అందరం ఇక్కా అని పిలిచేవాళ్లం. ఆయన ఊరికి వెళ్లిపోయే ముందు పది రోజులు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. వెనక సీట్లో మామా ఉంటుంది, అంటే మా కఫీల్ (నన్ను పనికి పెట్టుకున్న యజమాని) తల్లి. ఎనభై దగ్గర పడిన మనిషి. చేతిలో ఎప్పుడూ గాహ్వా ఫింజాన్, అంటే అరబ్బు కాఫీ కప్పు, ఉండాల్సిందే. బండి ఎప్పుడు కదిలిందో ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియకూడదు, అంతే నీ పని అన్నాడు ఇక్కా. సిగ్నల్ దగ్గర బ్రేకు మెల్లగా తొక్కుతూ వచ్చి, చక్రం పూర్తిగా నిలిచే ముందు అర క్షణం కాలు కొంచెం సడలించాలి. అలా చేస్తే చివర్లో వచ్చే కుదుపు రాదు. చెప్పడానికి రెండు ముక్కలే, కాలికి అలవాటు కావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. గాహ్వా ఒలికిన రోజులు కూడా ఉన్నాయి.

మామూలు కారులో ఈ పాఠాలన్నీ దండగ. క్లచ్చో, గేరో, ఇంజినో ఏదో ఒకటి మీ కష్టాన్ని చెడగొడుతుంది. ఫాంటమ్ చెడగొట్టదు. నేను నడిపిన బండి బరువు రెండున్నర టన్నుల పైమాటే. ఇంజిన్ 6.75 లీటర్లు, 12 సిలిండర్లు, 453 హార్స్‌పవర్. అయినా డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరే ఉండదు. దాని బదులు పవర్ రిజర్వ్ అని ఒక ముల్లు ఉంటుంది, ఇంకా ఎంత శక్తి మిగిలి ఉందో చూపిస్తుంది. ఐదో రింగ్ రోడ్డు మీద నూటిరవైలో పోతున్నా ఆ ముల్లు తొంభై శాతం దగ్గరే నిలబడి ఉంటుంది. అంటే పది వంతుల్లో ఒక వంతు కూడా సరిగ్గా వాడటం లేదన్నమాట. పూర్వం ఈ కంపెనీవాళ్లు హార్స్‌పవర్ ఎంతో చెప్పేవాళ్లు కాదట, అడిగితే 'చాలినంత' అనేవాళ్లట. ఆ ముల్లును చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

లోపలి నిశ్శబ్దం గురించి 1958లో అమెరికా పత్రికల్లో ఒక ప్రకటన వచ్చింది. గంటకు 60 మైళ్ల వేగంలో ఈ కారులో అన్నిటికంటే పెద్ద చప్పుడు గడియారానిదే అని. ప్రకటన కదా, కొంచెం పెంచి చెప్పుంటారు. కానీ కువైట్‌లో దుమ్ము తుఫాను లేచి బయట ఊళలు పెడుతుంటే, లోపల మామా తస్బీ పూసలు జరుపుతున్న చప్పుడు నాకు వినపడేది. ఇప్పటి ఫాంటమ్‌లో శబ్దం రాకుండా వేసే మెత్తల బరువే 130 కిలోలు. మన బండిలో ఇద్దరు మనుషుల్ని అదనంగా ఎక్కించుకున్నంత!

ఇక పేరు ఎలా వచ్చిందంటే, అది ఇద్దరు మనుషుల కథ. ఇద్దరికీ ఎక్కడా పోలిక లేదు. హెన్రీ రాయిస్ 1863లో పుట్టాడు, పిండిమర నడిపే ఇంటి పిల్లాడు. తండ్రి తొందరగా పోవడంతో చిన్నప్పుడే పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు మోశాడు. రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుంటుంటే ఫీజు కట్టేవాళ్లు లేక మధ్యలోనే మానేయాల్సొచ్చింది. తర్వాత మాంచెస్టర్‌లో కరెంటు క్రేన్లు చేసే వ్యాపారం పెట్టాడు. ఒక ఫ్రెంచి కారు కొని, దాని పనితనం నచ్చక విప్పి చూసి, ఇంతకంటే నేనే బాగా చేయగలనని 1904లో సొంతంగా చేశాడు. చార్లెస్ రోల్స్ జమీందారీ ఇంటి కుర్రాడు. తండ్రి లార్డు, చదువు కేంబ్రిడ్జిలో, లండన్‌లో విదేశీ కార్ల షోరూం. 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్‌లో ఇద్దరూ కలిశారు. రాయిస్ చేసే కార్లన్నీ రోల్స్ అమ్మిపెట్టేలా ఒప్పందం కుదిరింది.

రోల్స్ ఎక్కువ కాలం బతకలేదు. 1910లో బోర్న్‌మత్‌లో విమానం కూలి 32 ఏళ్లకే పోయాడు. ఇంజిన్ ఉన్న విమాన ప్రమాదంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ మనిషి ఆయనే. రాయిస్ మాత్రం 1933 దాకా ఉన్నాడు. సర్ అని బిరుదు ఇచ్చినా తనను తాను మెకానిక్ అనే చెప్పుకునేవాడని చదివాను. ఆయన మీద నాకు గౌరవం ఎక్కువ కావడానికి అదీ ఒక కారణం.

'ప్రపంచంలోకెల్లా మేలైన కారు' అన్న మాట ఊరికే రాలేదు. 1907లో సిల్వర్ ఘోస్ట్ అనే తమ కారును లండన్‌కూ గ్లాస్గోకూ మధ్య అటూ ఇటూ 15,000 మైళ్లు తిప్పారు, ఆటోమొబైల్ క్లబ్ వాళ్ల కళ్ల ముందే. 629 మైళ్ల దగ్గర పెట్రోలు కుళాయి అదురుకు దానంతటదే మూసుకుపోయి ఒకసారి ఆగింది. అక్కణ్ణుంచి 14,371 మైళ్లు బండి మొరాయించి ఆగింది లేదు. తర్వాత మొత్తం విప్పి చూసి, మళ్లీ కొత్తదానిలా చేయడానికి అయిన విడిభాగాల ఖర్చు రెండు పౌండ్ల చిల్లర! అప్పటి కార్లు ఊరు దాటితే చాలు మెకానిక్కును వెతుక్కునేవి.

ముందు బానెట్ మీద రెక్కలు చాచినట్టుండే ఆడమనిషి బొమ్మ 1911లో వచ్చింది. చేసింది చార్లెస్ సైక్స్ అనే శిల్పి. ఆ బొమ్మకు నమూనా ఎలియనార్ థార్న్‌టన్ అనే ఆవిడ అని ఎక్కువమంది చెబుతారు. ఆవిడ 1915 డిసెంబరులో మన ఇండియాకు వస్తున్న పర్షియా అనే ఓడలో ఉంది. మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. బతకలేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పొద్దున్నే ఆ బొమ్మను తుడిచేటప్పుడు చెయ్యి కొంచెం నెమ్మదించేది. (బండి లాక్ చేస్తే బొమ్మ కిందికి దిగిపోతుంది, ఎవరూ పీక్కుపోలేరు.)

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, బీఎండబ్ల్యూ సంగతి. ఇది చాలామంది సగమే చెబుతారు. రోల్స్ రాయిస్‌కు కార్ల కంటే విమాన ఇంజిన్ల వ్యాపారం పెద్దది. ఆర్‌బీ211 అనే జెట్ ఇంజిన్ మీద లెక్కకు మించి డబ్బు పోసి 1971లో కంపెనీ దివాలా తీసింది, బ్రిటిష్ ప్రభుత్వం తీసుకోవాల్సొచ్చింది. 1973లో కార్ల విభాగాన్ని విడగొట్టారు. 1980లో అది విక్కర్స్ అనే బ్రిటిష్ కంపెనీ చేతికి పోయింది. 1998లో విక్కర్స్ దాన్ని వేలంపాటలాగా అమ్మకానికి పెడితే ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లు పెట్టి కొనేసింది. క్రూ ఊళ్లోని ఫ్యాక్టరీ, దాంతోపాటే ఉన్న బెంట్లీ అనే కార్ల బ్రాండు, రెక్కల బొమ్మ, ముందు గ్రిల్లు ఆకారం, అన్నీ వచ్చాయి. ఒక్క పేరు తప్ప! రోల్స్ రాయిస్ అనే పేరూ, రెండు ఆర్‌ల ముద్రా విమాన ఇంజిన్ల కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఆ కంపెనీకి బీఎండబ్ల్యూతో ముందు నుంచీ పొత్తు ఉంది. 4 కోట్ల పౌండ్లకు పేరును బీఎండబ్ల్యూకు ఇచ్చేసింది. ఒకడికి ఇల్లు, ఇంకొకడికి ఇంటిపేరు. పైగా అప్పటి కార్లకు ఇంజిన్లు ఇస్తున్నదీ బీఎండబ్ల్యూనే, కాదంటే ఆపేయగలదు. చివరికి రాజీ కుదిరింది. 2002 ఆఖరు దాకా ఫోక్స్‌వ్యాగన్ చేసుకుంటుంది, బొమ్మా గ్రిల్లూ కూడా బీఎండబ్ల్యూకు పోతాయి, 2003 జనవరి 1 నుంచి కార్లు వాళ్లవి. బెంట్లీ ఫోక్స్‌వ్యాగన్‌కే మిగిలింది.

కాబట్టి ఇప్పటి రోల్స్ రాయిస్‌కు పాత ఫ్యాక్టరీ లేదు, పాత పనివాళ్లు చాలావరకు బెంట్లీ పక్కనే ఉండిపోయారు. ఇంగ్లండ్‌లోనే గుడ్‌వుడ్‌లో కొత్తగా కట్టుకుని మొదలుపెట్టారు. రాయిస్ చివరి రోజుల్లో ఉన్న వెస్ట్ విటరింగ్ ఆ దగ్గర్లోనే. ఇంజిన్ జర్మన్‌ది. ఇంకో తమాషా ఏంటంటే, 1965లో ఒక మోడల్‌కు సిల్వర్ మిస్ట్ అని పేరు పెట్టబోయి, జర్మన్‌లో మిస్ట్ అంటే పేడ అని తెలిసి సిల్వర్ షాడో అని మార్చారు. ఆ జర్మన్ల చేతికే వచ్చింది ఇప్పుడు.

మరి పేరుకే డబ్బా అంటే, నా లెక్కలో సగం అవును. పేరొక్కదానికే నాలుగు కోట్ల పౌండ్లు కట్టారంటే దాని విలువ వాళ్లకు తెలుసు. మిగతా సగం మాత్రం బండిలో ఉంది. నేను నడిపింది బీఎండబ్ల్యూ చేసినదే, దాని పనితనంలో నాకు లోటు కనిపించలేదు. కారు పక్కన పొడుగునా పోయే సన్నగీత ఇప్పటికీ బ్రష్షుతో చేత్తోనే గీస్తారు. చక్రం మధ్యలో ఆర్ ఆర్ అక్షరాలు చక్రం తిరుగుతున్నా నిటారుగానే ఉంటాయి. లోపల బేరింగూ, చిన్న బరువూ, అంతే కిటుకు. మా ఊళ్లో చెబితే కోతలు కోస్తున్నానన్నారు, వీడియో తీసి పంపాల్సొచ్చింది. వెనక తలుపుల్లో గొడుగులు దాచి ఉంటాయి. కువైట్‌లో వాన ఎక్కడిది? ఎండకు మామా నెత్తిన పట్టడానికి వాడేవాణ్ణి.

ఒక పీడకల కూడా చెప్పాలి. సాల్మియాలో ఒక క్లినిక్ ముందు పార్కు చేస్తూ వెనక చక్రం గట్టుకు గీసుకుపోయింది. అరచెయ్యంత గీత. రాత్రంతా నిద్ర లేదు, పొద్దున్నే కఫీల్‌కు నేనే చెప్పేశాను. దాన్ని సరిచేయడానికి అయిన బిల్లు నా రెండున్నర నెలల జీతం. ఆయన తిట్టలేదు, కానీ సగం నా జీతంలో కోశాడు. ఈ బండి విషయంలో ఎవరు అసూయపడినా నేను ఆ బిల్లునే తలుచుకుంటాను.

మన దగ్గర రోల్స్ రాయిస్ అనగానే వచ్చే కథ ఒకటుంది. షోరూంలో అవమానించారని నిజాం ఆ కార్లు కొని చెత్త ఎత్తించాడని. ఇదే కథ ఆల్వార్ రాజు మీద చెబుతారు, పటియాలా రాజు మీదా చెబుతారు. ముగ్గురికీ అచ్చం అలాగే జరిగుంటుందా? నమ్మదగ్గ ఆధారం ఎక్కడా నాకు దొరకలేదు. నిజంగా ఉన్నది వేరే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఒక సిల్వర్ ఘోస్ట్ ఆర్డర్ చేశాడు. అది రాకముందే ఆ ఏడాదే చనిపోయాడు, కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు చేరింది. అసఫ్‌జాహీల పసుపు రంగు, వెనక సింహాసనంలా ఎత్తు సీటు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే వెళ్లాను. అందరూ సింహాసనం చూస్తున్నారు. నేను డ్రైవర్ సీటు చూస్తూ నిలబడ్డాను, అప్పట్లో దాన్ని నడిపిన డ్రైవరు ఆ బ్రేకుతో ఎలా నెగ్గుకొచ్చాడా అని.

ఇక పాత ఘోస్ట్. 2023లో ఈ కంపెనీ ప్రపంచం మొత్తం మీద అమ్మిన కార్లు 6,032. మారుతికి అది రెండు రోజుల అమ్మకం కూడా కాదు. కాబట్టి విడిభాగాలు చవగ్గా దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. కారు ధర సగానికి, పావుకు పడిపోతుంది కానీ సర్వీసు ధర కొత్త కారుదే ఉంటుంది. సర్వీసు రికార్డు మొత్తం చేతికివ్వకపోతే అక్కడితో మాట ఆపేయండి. టైర్లు ఏ ఏడాదివో పక్కన ముద్ర చూడండి. ఇంకొకటి, బండిని చదును నేల మీద ఒక రాత్రంతా ఆపి ఉంచమనండి. పొద్దున స్టార్ట్ చేయకముందే మీరు వెళ్లి చూడండి. ఏదైనా ఒక మూల కిందికి కుంగి కనిపిస్తే ఎయిర్ సస్పెన్షన్ (బండిని మోసే గాలి స్ప్రింగులు) లీకవుతున్నట్టే, అంత చవగ్గా ఎందుకు ఇస్తున్నాడో అక్కడే తెలిసిపోతుంది.