ప్లంబర్లకు లైసెన్సు పెడితే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది?

"కొళాయి పనికి కూడా లైసెన్సు, పరీక్ష, ఇన్‌స్పెక్టరు అంటే ప్రజల సొమ్ము దండగ కాదా?" అని ఒకరు అడిగారు. సగం దండగే. ఏ సగమో మా ఇంటి సంగతి చెబితే తెలుస్తుంది.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, ఆంధ్రా సరిహద్దుకి కూతవేటు దూరం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసుల్లో ఏది పని జరిపిస్తే అది. ఇల్లు కట్టుకున్నాక కొళాయి కనెక్షన్‌కి దరఖాస్తు పెడితే, ఫారం మీద లైసెన్సున్న ప్లంబరు సంతకం కావాలన్నారు. పని చేసేది మాత్రం సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురం నుంచి పాత మోపెడ్ మీద వచ్చే మేస్త్రీ. ఇరవై ఏళ్ల అనుభవం. అతనికి ఇవతలి కాగితం లేదు, అవతల ఉన్నా ఇక్కడ చెల్లదు. లైసెన్సున్న పెద్దమనిషి మా వీధి మొహమే చూడలేదు. టీ కొట్టు బల్ల మీదే సంతకం గీకి, ముద్ర కొట్టి, ఐదు వందలు జేబులో వేసుకున్నాడు. టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను.

రెండో వానాకాలంలో మా ఆవిడకి పచ్చకామెర్లు వచ్చాయి. తర్వాత పక్కింటి పిల్లాడికి. మా అత్తగారు పసరు మందు పోయిస్తానని పట్టుబట్టారు, ఆవిణ్ణి ఆపడం ఒక యుద్ధం. ఈలోగా నీళ్లు వాసన వస్తున్నాయని గొయ్యి తవ్వించాను. వీధిలోని మెయిన్ లైను నుంచి మా ఇంటికొచ్చే ఇనప గొట్టం మురుక్కాలువ అడుగునుంచి వస్తోంది. సరిగ్గా కాలువ కింద అతుకు. దానికి సైకిల్ ట్యూబు ముక్క నాలుగు చుట్లు చుట్టి బైండింగ్ వైరుతో బిగించి ఉంది. ట్యూబు మెత్తబడి జిగురైపోయింది.

మేస్త్రీని పిలిచి చూపించాను. దాచలేదు. "రెండు గొట్టాలు కలిపే సాకెట్ ఒకటి తక్కువైంది మాష్టారూ, అప్పటికి కొట్టు కట్టేశారు. పొద్దున్నే వచ్చి మారుద్దామనుకున్నాను. నేనొచ్చేసరికి మీరు గొయ్యి పూడ్పించేశారు." నిజమే. ముగ్గు వెయ్యడానికి వీల్లేకుండా ఉందని ఇంట్లో గోల పెడితే పూడ్పించింది నేనే.

ఆ చిన్న అతుకుతో అంత ముప్పేమిటంటారా? మాకు నీళ్లు పొద్దున గంట, సాయంత్రం గంట. నీళ్లొస్తున్నంతసేపూ లోపలి ఒత్తిడికి అతుకులోంచి నీరు బయటికే కారుతుంది. సరఫరా ఆపేశాక గొట్టం ఖాళీ అవుతుంది, అప్పుడు చుట్టూ ఉన్న మురుగు లోపలికి దిగుతుంది. దీనికి తోడు వీధిలో ఎవరో ఒకరు మెయిన్ లైనుకే మోటారు తగిలించి లాగుతారు. ఇక చెప్పేదేముంది. పూరీలో 2021 జులైలో మొదలైన పథకం గొప్పంతా నాకు ఇందులోనే కనిపిస్తుంది. అక్కడ ఇరవై నాలుగ్గంటలూ నీళ్లిస్తారు, గొట్టంలో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, కొళాయి కింద గ్లాసు పెట్టి తాగొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. సంతకానికి ఐదు వందలు. ఆస్పత్రికీ రక్త పరీక్షలకీ పద్నాలుగు వేలు. మళ్లీ తవ్వి గొట్టం కాలువ పైనుంచి మార్చడానికి ఆరు వేలు. సెలవులు పెట్టి పోగొట్టుకున్న జీతం వేరు. ఊరంతటికీ ఒక మనిషిని పెట్టి, గొయ్యి పూడ్చేలోపు ప్రతి కనెక్షన్‌నీ చూసి రమ్మంటే అతనికి నెలనెలా జీతమివ్వాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో కనబడుతుంది కాబట్టి మిగిల్చేశారు. మా ఆవిడ కామెర్లు ఎవరి బడ్జెట్‌లోనూ లేవు.

అసలు ప్లంబింగ్‌కి అదుపే వద్దనేవాళ్లకి 1933 షికాగో సంగతి చెప్పాలి. ప్రపంచ ప్రదర్శన చూడ్డానికొచ్చినవాళ్లు దిగిన రెండు హోటళ్లలో మురుగు గొట్టాల లోపాల వల్ల మంచినీళ్లు పాడై, అమీబా విరేచనాలతో 98 మంది పోయారు. కాబట్టి ఎవరో ఒకరు చూడాలి. కాకపోతే ఏది చూడాలన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో నేను ప్లంబర్నని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, గ్యాసు గొట్టం ముట్టుకోవాలంటే మాత్రం రిజిస్టరులో పేరుండాలి. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఇంట్లో సింకు కింద గొట్టం వంపుకి వేసే ఎల్బో ఎవరు బిగిస్తే ఏం, కారితే నా నేలే తడుస్తుంది. నా గొట్టం వీధి గొట్టాన్ని కలిసే చోటు మాత్రం ఊరందరిదీ.

పనితనం కాగితంతో రాదని ఒడిశాలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. దేశంలో పెద్ద ఊళ్లలో కొళాయిలు బిగించేవాళ్లలో చాలామంది మా రాష్ట్రంలోని కేంద్రాపడా జిల్లా వాళ్లే, ముఖ్యంగా పట్టాముండై వైపు వాళ్లు. అన్న వెనక తమ్ముడు, మామ వెనక అల్లుడు వెళ్లి పని నేర్చుకున్నారు. ఇప్పుడు పట్టాముండైలో ప్లంబింగ్‌కని ప్రభుత్వ సంస్థే ఉంది, ఐటీఐల్లో ఏడాది కోర్సూ ఉంది, మంచిదే. కానీ కాగితం లేదని ఆ పాతవాళ్లని పక్కన పెడితే మిగిలేది సంతకాల వ్యాపారమే. సరిహద్దులో మాకు ఇంకో తిప్పలు: ఫారం ఒడియాలో, మేస్త్రీకి చదవొచ్చింది తెలుగు.

మీరు కొత్తగా కనెక్షన్ తీసుకుంటుంటే ఫెర్రూలు, అంటే వీధి గొట్టానికి మీ గొట్టాన్ని తగిలించే బిరడా, బిగించేటప్పుడు దగ్గరుండండి. గొట్టం కాలువ పైనుంచి పోవాలి, కింద నుంచి కాదు. కాలువ దగ్గర అతుకు రాకూడదు. నీళ్లు వదిలి, అతుకులన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఓ గంటాగి చెయ్యి పెట్టి చూశాకే మట్టి వెయ్యండి. ముగ్గు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మొన్న మా మేస్త్రీ కనబడితే, లైసెన్సుకి పెట్టుకో, ఫారం నేను నింపిస్తానన్నాను. నవ్వాడు. "ఎందుకు మాష్టారూ, సంతకం ఇప్పుడు ఎనిమిది వందలైంది గానీ, ఎప్పుడడిగినా దొరుకుతోంది కదా."