సైకిల్ సందేహాలు: శ్రీశైలం దాకా ఇద్దరు

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ హైదరాబాద్ నుంచి శ్రీశైలం సైకిళ్ల మీద వెళ్దామనుకుంటున్నాం. ఇద్దరివీ గేర్ సైకిళ్లే. రోజుకు 25 కి.మీ. తొక్కే అలవాటుంది. శని, ఆదివారాల్లో అయిపోతుందా? వాడు నాకన్నా బాగా స్పీడు. (ఉప్పల్ పాఠకుడు)

జవాబు: దూరం సుమారు 215 కి.మీ. మీ అలవాటుకు రెండు రోజులు చాలవు. ఒకవేళ చేరినా దర్శనం క్యూలో నిలబడే ఓపిక ఉండదు. మూడు రోజులు పెట్టుకోండి, అదీ వారాంతం కాకుండా. సెలవు రోజుల్లో ఆ రోడ్డు నిండా కార్లే. శివరాత్రి ముందు వారమైతే అసలే వద్దు.

మొదటి రోజు తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్ మీదుగా వెళ్లి, కొట్ర దగ్గర పక్కకు తిరిగి కల్వకుర్తిలో ఆగండి. రెండో రోజు డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూర్. ఎంత ఓపిక మిగిలినా అక్కడ ఆగాల్సిందే. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అడవి, చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వేసేస్తారు. గేటు తెరవగానే బయల్దేరితే ఎండ ముదిరేలోగా సగం అడవి దాటేస్తారు. లోపల టెంటు వేయడం, దారి వదిలి లోపలికి వెళ్లడం కుదరవు. టీ, టిఫిను దొరికేది వటవర్లపల్లి, దోమలపెంట లాంటి ఒకటి రెండు చోట్లే కాబట్టి మనిషికి 3 లీటర్ల నీళ్లు ఉండాలి. అరటిపళ్లు మాత్రం హ్యాండిల్ సంచిలో పెట్టకండి. కోతులు ముందు లాగేది దాన్నే.

దోమలపెంట దాటాక కృష్ణ దాకా ఘాట్ దిగుడు. బ్రేకులు పట్టుకునే దిగితే రిమ్ము కాలిపోతుంది, రబ్బర్లు పట్టు వదిలేస్తాయి. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి. నది దాటగానే అసలు పరీక్ష. సున్నిపెంట మీదుగా గుడి దాకా దాదాపు అంతా ఎక్కుడే. చిన్న గేరులో కూర్చుని తొక్కండి, లేచి నిలబడి కాదు.

ఇక మీ స్నేహితుడి స్పీడు. బరువు ఎక్కువ భాగం అతని సైకిల్‌కే కట్టండి, సగం తేడా అక్కడే పోతుంది. 'ముందు ఎక్కడో ఆగుతా' అన్న మాట మీద నమ్మకం పెట్టుకోకుండా, 'పదో కిలోమీటరు రాయి దగ్గర' అని గుర్తు చెప్పుకోండి. పంపు, ట్యూబు, ప్యాచ్‌లు ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉండాలి. పంక్చర్ అయ్యేది వెనుక ఉన్నవాడికి, పంపేమో ముందు వెళ్లిపోయినవాడి దగ్గర. జంట ప్రయాణాల్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

ప్రశ్న: క్యారియర్ మీద 12 కిలోల సామాను కట్టి తొక్కితే వెనుక చక్రంలో రెండు స్పోకులు తెగాయి. స్పోకులు నాసివా? (ఒంగోలు పాఠకుడు)

జవాబు: నాసివి కాకపోవచ్చు, వదులుగా ఉండి ఉంటాయి. చక్రం తిరిగినప్పుడల్లా కింద ఉన్న స్పోకు కాస్త వదులై, పైకి రాగానే మళ్లీ బిగుస్తుంది. ముందే వదులుగా ఉన్నది చక్రం మధ్యలోని హబ్ దగ్గరి వంపులో ఊగి ఊగి తెగుతుంది. బయల్దేరే ముందు స్పోకులను వేలితో మీటి చూడండి. ఒకే వైపువన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో మోగాలి. 'టప్' మని మొద్దుగా పలికిందే దొంగ. రిమ్ము బెండు తీయించి, బిగుతు సరిచేయించండి.

దారిలో తెగితే ఆ ముక్కను పక్క స్పోకుకు చుట్టేయండి. రిమ్ము అవతలి వైపుకు గుంజుకుని బ్రేకుకు రాసుకుంటుంది. తెగినదానికి అటూ ఇటూ ఉన్న అవతలి వైపు స్పోకులు రెండింటినీ సగం చుట్టు వదులు చేస్తే చాలావరకు దారిలోకి వస్తుంది. చైను వైపు స్పోకు మార్చాలంటే ఫ్రీవీల్ (వెనుక పళ్లచక్రం) విప్పాలి. ఊళ్లోని షాపు పనిముట్టు గేర్ సైకిల్‌కు పట్టదు. అందుకే మీ సైజు స్పోకులు మూడు, విప్పే పనిముట్టు మీ దగ్గరే ఉండాలి. సన్నటి వాల్వు ట్యూబులైతే, షాపు పంపు పట్టేందుకు ఇత్తడి అడాప్టర్ కూడా. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గాలి కొట్టిస్తే ఆగి ఆగి కొట్టమనండి, సన్న టైరు క్షణంలో నిండిపోతుంది.

ప్రశ్న: దారిలో ఊళ్లలో పడుకోవాలంటే ఎవరిని అడగాలి? దూరం అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. (హనుమకొండ పాఠకురాలు)

జవాబు: చీకటి పడ్డాక కాదు, సాయంత్రం 5 గంటలకే అడగండి. టీ కొట్టు దగ్గర ఆగి, తాగి, మీరెవరో ఎక్కడికి వెళ్తున్నారో చెప్పండి. అడగక్కర్లేకుండానే 'రాత్రి ఏడ ఉంటరు?' అన్న ప్రశ్న చాలాసార్లు వాళ్ల నుంచే వస్తుంది. లేదంటే సర్పంచ్‌నో గుడి పూజారినో బడి హెడ్‌మాస్టారునో చూపించమనండి. 'మీ ఇంట్లో పడుకోవచ్చా' అనకండి, కాదనలేక ఇబ్బంది పడతారు. 'వరండా ఏదైనా ఉందా అన్నా' అంటే అటూ ఇటూ మొహమాటం ఉండదు. అన్నం పెట్టినవాళ్లు డబ్బు తీసుకోరు. పొద్దున వాళ్ల వాడలోని కొట్లోనే సరుకులు కొనండి. చెంచు పెంటల్లోకి (అడవిలోని చెంచుల గూడేల్లోకి) ఎవరూ పిలవకుండా వెళ్లొద్దు, అడగకుండా పిల్లల ఫొటోలు తీయొద్దు.

'సైకిల్ ఎంత పడ్డది?' అని తప్పకుండా అడుగుతారు. 'పాతది, స్నేహితులు ఇచ్చారు' అంటే సరి. పిల్లలు ఒక రౌండు అడిగితే సంచులు దించి, బడి మైదానంలో ఇవ్వండి. గేరు మార్చకుండా తొక్కమనండి. ఆగి ఉండగా మీట నొక్కితే మొదటి తొక్కుకే చైను జారుతుంది.

దూరం సంగతి: 'గిదే, దగ్గరే' అన్నది బండి మీద వెళ్లేవారి లెక్క. బస్సు ఎంతసేపు పడుతుందని అడగండి. 'ఎక్కుడు ఉందా' అని బండివాళ్లను అడిగితే లేదనే అంటారు, సన్నటి ఎక్కుడు ఇంజనుకు తెలియదు. గొర్రెలు కాసేవాళ్లను అడగండి.

ప్రశ్న: మోకాలి ముందు నొప్పి, చేతివేళ్ల తిమ్మిరి. (ఏలూరు)

జవాబు: సీటు తక్కువగా ఉంది. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ పెడితే కాలు తిన్నగా నిలవాలి, ఆ ఎత్తుకు బిగించండి. తిమ్మిరికి మోచేతులు కాస్త వంచి, పావుగంటకోసారి చెయ్యి పట్టు మార్చండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు బరువంతా చేతుల మీదే పడుతుంది, మట్టంగా పెట్టించండి.