శిలీంధ్రం ఎవరి గొడుగు?

సందేహం: మా నాన్నగారి నడుము మీది మచ్చకు రెండేళ్లు తామర మందు రాశాం. కడపలో ముక్క తీసి పరీక్షకు పంపితే ‘మైకోసిస్ ఫంగాయిడిస్’ అని వచ్చింది. ఒక ఆరోగ్య పుస్తకంలో దాన్ని ‘శిలీంధ్ర చర్మవ్యాధి’ అన్నారు. డాక్టరేమో ఫంగస్ కాదు, లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) అంటున్నారు. తెలుగు మాట తప్పా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, జబ్బు విషయంలో డాక్టరు మాటే వినండి. మాట విషయం నాకు వదిలేయండి.

తిరకాసంతా ఫ్రెంచి వైద్యుడు ఆలిబేర్ పెట్టిన పేరులో ఉంది. 1806లో ఆయనే ఈ జబ్బును మొదట వర్ణించాడు. ముదిరాక లేచే గడ్డలు పుట్టగొడుగుల్లా ఉన్నాయని 1832లో ఈ పేరు ఖాయం చేశాడు. మొదటి మాటలో ఉన్నది గ్రీకు పుట్టగొడుగు, రెండో మాటలో లాటిన్ పుట్టగొడుగు. పోలికే తప్ప ఫంగస్ లేదు.

ఇక శిలీంధ్రం. మేఘసందేశంలో కాళిదాసు ఉరుమును పొగుడుతూ ‘మహీముచ్ఛిలీంధ్రామవంధ్యాం’ అన్నాడు. మేఘం ఉరిమితే నేల శిలీంధ్రాలు తొడిగి పంటకు సిద్ధమవుతుందట. సీమవాళ్లకు దీనికి వ్యాఖ్యానం కావాలా? ఉరిమి వాన పడ్డాక తెల్లారి పుట్ట పక్కన తెల్లగా తల ఎత్తేది ఏది? పుట్ట మీది గొడుగు, పుట్టగొడుగు. కాళిదాసు శిలీంధ్రం అదే, కంటికి కనిపించేది. రొట్టె మీది బూజునూ, తామర తెచ్చే సూక్ష్మజీవినీ ఆ గొడుగు కిందికి తోసింది మన పాఠ్యపుస్తకాలు. (అరటిపువ్వు అనే అర్థమూ ఉంది, ఇక్కడ పనిలేదు.)

కాబట్టి పాత అర్థంలో ‘శిలీంధ్ర’ తప్పని నేననలేను. కానీ నిఘంటువు తెరిచి మాటకు మాట అతికించే మన అనువాదకులు కాళిదాసును తలచుకుని రాశారంటే నమ్మను. అది చదివినవాడు నేరుగా మందుల షాపుకెళ్లి ఇంకో ట్యూబు కొంటాడు!

స్లైడులో కనిపించేది బూజు పోగులు కాదు. టి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు పైచర్మంలోకి ఎగబాకుతాయి, వాటి కేంద్రకాలు మెదడు మడతల్లా ముడుచుకుని ఉంటాయి. అక్కడక్కడ గుంపు కడితే ‘పోత్రియే మైక్రోఆబ్సెస్’ అంటారు. ఆబ్సెస్ అంటే చీముగడ్డ, ఇందులో చీము చుక్క ఉండదు. పేర్లు పెట్టడంలో వైద్యులూ మనకేం తీసిపోలేదు. మొదట్లో ఇది ఎగ్జిమాలాగే ఉంటుంది కనుక ఒక్క ముక్కతో తేలకపోవచ్చు, మళ్లీ తీస్తామంటే టెన్షన్ పడకండి.

‘చర్మ లింఫోమా’ అంటే ప్రస్తుతానికి సరిపోతుందేమో. అన్నట్టు, బయాప్సీని ‘కణజాల పరీక్ష’ అనకుండా ‘ముక్క తీసి పరీక్షకు పంపితే’ అని రాశారు చూడండి, అది తెలుగు.