విరాళాల పేజీ తెరిచే ముందు ఇది చదువు

అబ్బాయ్,

నీ మెసేజ్ రాత్రి చూశాను. మీ ఊళ్లో పార్కింగ్ లాట్‌లో మన కుర్రాడిని "మీ దేశం పో" అంటూ కొట్టి ఆస్పత్రిపాలు చేశారని, సాయంత్రంలోగా గోఫండ్‌మీలో చందాల పేజీ పెట్టెయ్యమని గ్రూపంతా నీ మీద పడిందని రాశావు. పెట్టు, తప్పకుండా పెట్టు. కానీ పేజీ తెరిచే ముందు ఆస్పత్రికి వెళ్లి వాళ్లావిడతో ఎదురుగా కూర్చుని మాట్లాడు. ఇలా చందాలు వసూలు చేయడం ఆమెకి ఇష్టమేనా, ఏ ఫొటో పెట్టమంటుంది, పాప పేరు రాయొచ్చా, ఖమ్మంలో ఉన్న అత్తమామలకి ఎంతవరకు చెప్పారు. ఈ చివరిది మనవాళ్లు అస్తమానం మర్చిపోతారు. కొడుకు ఐసీయూలో ఉన్నాడన్న కబురు తల్లికి ఎవరో ఫార్వర్డ్ చేసిన లింకులో తెలిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆలోచించు.

ఆమె ఒప్పుకుంటే బెనిఫిషియరీగా ఆమె పేరే పెట్టించు, డబ్బు నేరుగా ఆమె ఖాతాకే పోతుంది. నీ ఖాతాలో గానీ, అసోసియేషన్ ప్రెసిడెంట్ ఖాతాలో గానీ ఒక్క డాలరు కూడా పడకూడదు, ఎంత మంచివాడైనా సరే. జెల్‌లో (ఫోన్ నుంచి బ్యాంకు ఖాతాకి) డబ్బు పంపుతామనే వాళ్లకి కూడా పేజీ లింకే పంపు. గుడిలో శనివారం కవర్లో నోట్లు పెట్టి చేతికిచ్చే పెద్దవాళ్లుంటారు, వాళ్లని కాదనలేం. అక్కడికక్కడే ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి, నోటుపుస్తకంలో పేరూ మొత్తం రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఆ పేజీ ఫొటో తీసి వాళ్లావిడకి పంపండి. చాదస్తం అనుకుంటావేమో. ఆర్నెల్ల తర్వాత "అసలు ఎంతొచ్చింది?" అని ఎవరో ఒకరు గ్రూపులో తప్పకుండా అంటారు, అప్పుడు ఆ పుస్తకమే నిన్ను కాపాడుతుంది. ఇంకోటి, ఒక కుటుంబానికి ఇచ్చే విరాళానికి ట్యాక్స్ మినహాయింపు రాదు, చాలా కంపెనీలు మ్యాచింగ్ (ఉద్యోగి ఇచ్చినదానికి తామూ అంత కలపడం) కూడా ఇవ్వవు. ఆ మాట పేజీలోనే రాసెయ్, రసీదు కోసం నిన్ను వేధించరు.

ఇక పేజీలో ఏం రాయాలి. తక్కువ రాయి. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, డబ్బు దేనికి, అంతే. విద్వేష నేరం అని ఖాయంగా రాయకు, "పోలీసులు దర్యాప్తు చేస్తున్నారు" అను. నీకు కోపంగా ఉంటుంది, నాకూ ఉంది, కానీ కేసు నడిచే దారి వేరు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలో ఒలేతా ఊళ్లోని బార్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు, పక్కనే ఉన్న అలోక్ మాదసాని గాయపడ్డాడు. జాతి పేరెత్తి తిట్టి, వీసాల గురించి అడిగి, బయటికి పంపితే మళ్లీ తుపాకీతో వచ్చాడు ఆ మనిషి. అంత స్పష్టంగా కనిపించిన కేసులో కూడా ఫెడరల్ విద్వేష నేరం అభియోగం ఆ ఏడు జూన్‌లో గానీ రాలేదు. రాష్ట్ర కోర్టు యావజ్జీవం వేసింది 2018 మేలో, ఫెడరల్ కోర్టు శిక్ష ఆగస్టులో. అంటే ఏడాదిన్నర. మీ కుర్రాడి కేసులో సాక్ష్యం ఎంత ఉందో మనకింకా తెలీదు, కాబట్టి ఆ మాట ప్రాసిక్యూటర్ నోటి నుంచే రానీ.

ఆ ఏడాదిన్నర సంగతి ఎందుకు ఎత్తానంటే, నీ అసలు పని అక్కడే ఉంది. శ్రీనివాస్ కుటుంబానికి కొద్ది రోజుల్లోనే లక్షల డాలర్లు వచ్చాయి. మొదటి వారం డబ్బు దానంతటదే వస్తుంది, నువ్వు పెద్దగా చెయ్యాల్సింది ఉండదు. కానీ ఆయన భార్య సునయన దుమాలకి అప్పుడు ఎదురైన చిక్కు డబ్బు ఒక్కటే కాదు. భర్త పోవడంతో ఆవిడ వీసా హోదా కూడా పోయింది. అంత్యక్రియలకి ఇండియా వెళ్తే తిరిగి రావడం ఎలా అన్నది ఒక ప్రశ్న. కెవిన్ యోడర్ అనే కాంగ్రెస్ సభ్యుడు పూనుకుంటే గానీ అది తేలలేదు. మీ కుర్రాడి భార్య కూడా హెచ్‌4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉందని రాశావు కదా, కాబట్టి వచ్చిన డబ్బులోంచి మొదటి ఖర్చు ఇమ్మిగ్రేషన్ లాయర్ ఫీజుకి పెట్టమని చెప్పు. కుర్రాడు నెలల తరబడి ఉద్యోగానికి వెళ్లలేకపోతే వాళ్ల స్టేటస్ ఏమవుతుంది, నేర బాధితులకిచ్చే యూ వీసాకి అర్హత ఉందా, ఇవి గ్రూపులో చర్చించే విషయాలు కావు.

ప్రతి రాష్ట్రంలో నేర బాధితుల పరిహార నిధి ఉంటుంది, మనవాళ్లలో సగం మందికి దాని పేరే తెలీదు. వాటికొచ్చే ఫెడరల్ సాయం నేరస్తుల నుంచి వసూలు చేసిన జరిమానాల డబ్బే, మన పన్నులు కాదు. వైద్యం ఖర్చులు, పోయిన జీతం, కౌన్సెలింగ్ వరకు ఇస్తారు, కాకపోతే ఇన్సూరెన్స్ ఇచ్చింది పోగా మిగిలినదానికే. పోలీసు రిపోర్టు నంబరు, బిల్లులు అన్నీ ఒక ఫైల్లో పెట్టమను. గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఈ నెలలోనే అప్లై చేయించు. విక్టిమ్ అడ్వొకేట్ అని డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో ఒకరుంటారు, ఫారం వాళ్లే దగ్గరుండి నింపిస్తారు, పైసా తీసుకోరు.

విద్వేషానికి వ్యతిరేకంగా ఏదైనా చెయ్యాలని కుర్రాళ్లంతా అంటున్నారన్నావు. మంచిదే, కానీ ఆ డబ్బు వేరు, ఈ డబ్బు వేరు. కుటుంబం పేరు మీద వచ్చిందాంట్లోంచి ర్యాలీ బ్యానర్లకి ఒక్క డాలరు తీసినా తప్పే. రెండోదానికి రిజిస్టర్ అయిన సంస్థ ద్వారా విడిగా వసూలు చేయండి, అప్పుడు మ్యాచింగూ వస్తుంది. దాన్ని గుడి కెమెరాలకి, ఎవరినైనా వేధిస్తుంటే పక్కనున్నవాళ్లు ఏం చేయాలో నేర్పే శిక్షణకి వాడొచ్చు. ఆ రాత్రి ఒలేతాలో దుండగుణ్ణి ఆపబోయి తూటా తిన్న ఇయన్ గ్రిలట్ తెల్లవాడు. హ్యూస్టన్‌లో మనవాళ్లు ఇండియా హౌస్ తరఫున అతనికి ఇల్లు కొనుక్కోవడానికి 1,00,000 డాలర్లు పోగు చేసి ఇచ్చారు. నాకు నచ్చిన వసూళ్లలో అదొకటి.

ఆ హంతకుడు తాను కాల్చింది ఇరానియన్లని అనుకున్నాడు. 2014లో పక్కనే ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో యూదుల మీద ద్వేషంతో కాల్పులు జరిపినవాడు చంపిన ముగ్గురిలో ఒక్కరూ యూదులు కారు. కాల్చేవాడికి లేని తేడాలు మనం పట్టుకుని కూర్చోవడం దేనికి? మనవాడికి దెబ్బ తగిలినప్పుడే మనం రోడ్డెక్కుతామన్న పేరు మనకి ఉంది, ఊరికే రాలేదు. మీ ఊళ్లో గురుద్వారా, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), మసీదు వాళ్లతో ఈ వారమే మాట్లాడండి. 2012లో ఓక్ క్రీక్ గురుద్వారాలో జరిగిన కాల్పుల ఘోరం తర్వాత సిక్కులు, ఎన్నో ఏళ్లుగా యూదులు ఈ భద్రత పనులు చేస్తున్నారు, గుళ్లకి కూడా ఫెడరల్ సెక్యూరిటీ గ్రాంట్ ఉంటుంది, దానికి ఎలా రాయాలో వాళ్లకి బాగా తెలుసు.

ఒక చిన్న పని మాత్రం నువ్వే పెట్టుకో. మొదటి పది రోజులు వాళ్లింట్లో బిర్యానీ ట్రేలు పెట్టడానికి చోటుండదు, ఆ తర్వాత ఎవరూ రారు. ఇప్పుడే ఓ గూగుల్ షీట్ తెరిచి, ఫిజియోథెరపీకి, కోర్టు వాయిదాలకి ఎవరు కారులో తీసుకెళ్తారో వచ్చే జూన్ దాకా పేర్లు రాయించు. నా పేరు ఏ గురువారమైనా రాసుకో, అరగంట దూరమే కదా. పేజీలో పెట్టబోయే ముక్క ముందు నాకు పంపు, చూసి ఇస్తాను.

బాబాయ్