35 శాతం చూపిస్తూనే లాప్‌టాప్ ఎందుకు ఆరిపోతుంది?

ప్రశ్న: లాప్‌టాప్ కొని 11 నెలలే అయింది. కొత్తలో చార్జర్ తీసేసినా ఐదు గంటలు వచ్చేది. ఇప్పుడు గంటన్నర కూడా రావట్లేదు. పైగా 35 శాతం ఉందని చూపిస్తూనే టక్కున ఆరిపోతోంది. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది. రోజూ సున్నాకి దించి మళ్లీ ఎక్కించమని ఒకరు, బ్యాటరీ మార్చేయమని షాపతను చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు బిల్లు తీసి తేదీ చూసుకోండి. చాలా కంపెనీలు బ్యాటరీకి ఒక్క ఏడాదే వారంటీ ఇస్తాయి. లాప్‌టాప్‌కి మూడేళ్లు రాయించుకున్నా బ్యాటరీకి అది వర్తించకపోవచ్చు. అంటే మీ చేతిలో ఉన్నది దాదాపు ఒక్క నెల. ఈలోపు బయట షాపులో విప్పించకండి, కంపెనీ పేచీ పెట్టడానికి అదొక్కటి చాలు. బ్యాటరీ కొనే ఆలోచన కూడా ఇప్పుడే వద్దు. అసలు పోయింది బ్యాటరీయేనా అన్నది ఇంకా తేలలేదు.

తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు, విండోస్‌లోనే దారి ఉంది. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ అని వెతికి తెరవండి. ఇంగ్లిష్‌లో పవర్ అని కొట్టి, ఖాళీ వదలకుండా సి, ఎఫ్, జి అక్షరాలు టైప్ చేయండి. తర్వాత ఒక స్పేస్, స్లాష్ గుర్తు (ప్రశ్నార్థకం ఉన్న కీ మీదే ఉంటుంది), దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని ఒకే పదంగా కొట్టి ఎంటర్ నొక్కండి. రిపోర్టు ఏ ఫోల్డర్‌లో పడిందో అక్కడే చూపిస్తుంది. ఆ ఫైలు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది.

అందులో మీకు కావలసినవి రెండే అంకెలు. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో ఉండాల్సిన సామర్థ్యం. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండా ఎక్కిస్తే పట్టేది. మొదటిది 50,000, రెండోది 27,000 మిల్లీవాట్ అవర్లు ఉందనుకోండి, బ్యాటరీలో 54 శాతమే మిగిలినట్టు. ఏడాది లోపు ఇంత తగ్గడం మామూలు అరుగుదల కాదు. పోలికకు చెబుతున్నాను, యాపిల్ ఇప్పటి మ్యాక్‌బుక్‌లకు 1000 చార్జింగ్ సైకిళ్ల దాకా (మొత్తం కలిపి 100 శాతం చార్జింగ్ వాడితే ఒక సైకిల్) 80 శాతం నిలిచేలా బ్యాటరీలను తయారు చేస్తున్నామంటోంది. సైకిల్ కౌంట్ దగ్గర మీకు గీత తప్ప అంకె కనిపించకపోతే కంగారు పడకండి, చాలా మోడళ్లు దాన్ని బయటపెట్టవు.

ఇంకాస్త కిందికి వెళితే కెపాసిటీ హిస్టరీ ఉంటుంది. నా దృష్టిలో రిపోర్టు మొత్తంలో విలువైనది ఇదే. వారం వారం ఎంత తగ్గిందో అందులో కనిపిస్తుంది. కొద్దికొద్దిగా దిగుతూ వస్తే అరుగుదల. నెలల తరబడి నిలకడగా ఉండి ఒక్క వారంలో సగానికి పడిపోతే లోపలి సెల్‌లలో (కొన్ని సెల్‌లు కలిస్తేనే బ్యాటరీ) ఏదో ఒకటి దెబ్బతిని ఉండొచ్చు, లేదా లెక్క తప్పి ఉండొచ్చు.

లెక్క తప్పడమేమిటంటారా? తెర మీద కనిపించే 35 శాతం అంచనా మాత్రమే. బ్యాటరీలోని చిన్న చిప్, వచ్చిపోయే కరెంటును, వోల్టేజీని బట్టి దాన్ని లెక్కగడుతుంది. మీలా ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచితే ఆ చిప్‌కి బ్యాటరీ అడుగు దాకా దిగడం చూసే అవకాశమే ఉండదు. దాంతో అంచనా గాడి తప్పుతుంది. ఇక సెల్ నిజంగానే నీరసించి ఉంటే కథ వేరు. వీడియో కాల్ లాంటి బరువైన పని పడగానే వోల్టేజీ ఒక్కసారిగా జారిపోతుంది, లాప్‌టాప్ ఆగిపోతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

విడదీయాలంటే ఒక్కసారి ఇలా చేయండి. 100 శాతం ఎక్కించి, రెండు గంటలు చార్జింగ్‌లోనే ఉంచి, తర్వాత చార్జర్ తీసి తనంతట తాను ఆగిపోయేదాకా వాడండి. మళ్లీ మధ్యలో ఆపకుండా నిండా ఎక్కించి కొత్త రిపోర్టు తీయండి. అంకె పైకి వచ్చి, మధ్యలో ఆరిపోవడం ఆగిపోతే తప్పు లెక్కదే. మారకపోతే తప్పు బ్యాటరీదే. ఇది ఎప్పుడో ఒకసారి చేసేదే తప్ప రోజూ చేసేది కాదు. రోజూ సున్నాకి దించమనే సలహా పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. ఇప్పటి లిథియం అయాన్ బ్యాటరీ దానివల్ల ఇంకా త్వరగా అరుగుతుంది.

తప్పు బ్యాటరీదేనని తేలితే కంపెనీ సొంత పరీక్ష కూడా నడపండి. డెల్‌లో ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి, వచ్చే మెనూలో డయాగ్నస్టిక్స్ ఎంచుకోండి. హెచ్‌పీలో ఎఫ్2 నొక్కితే అదే వస్తుంది. అందులో ఫెయిల్ అని కోడ్ ఇస్తే ఫొటో తీసి, రెండు రిపోర్టులతో కలిపి వారంటీ ముగియకముందే ఫిర్యాదు నమోదు చేయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, ఫిర్యాదు నంబరు మెయిల్‌లో తెప్పించుకోండి.

కొత్త బ్యాటరీ వచ్చాక పాత అలవాటు మాత్రం మానాలి. నిండా ఎక్కిన సెల్ 4.2 వోల్టులు, అంతకు కాస్త పైన ఉంటుంది. ఆ ఒత్తిడిలో నెలల తరబడి ఉంచితే లోపలి రసాయనాలు త్వరగా పాడవుతాయి. దానికి వేడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. లాప్‌టాప్ వాడే గది 35 డిగ్రీలు దాటకూడదని యాపిల్ చెబుతుంది. మన ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద కూర్చున్నా అది దాటిపోతుంది. అందుకే పరుపు మీద, దిండు మీద పెట్టి పని చేయకండి, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ కంపెనీ యాప్‌లో గానీ బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగ్స్ తెర) గానీ ఉంటుంది. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్. ప్లగ్గులో ఉంచక తప్పని మీలాంటివాళ్లకు ఇంతకు మించిన మేలు లేదు.

ప్రశ్న: రాత్రి మూత మూసి బ్యాగులో పెడితే పొద్దున్నకి లాప్‌టాప్ వేడిగా ఉంటోంది, చార్జింగ్ సగం పోతోంది. బ్యాటరీ పోయినట్టేనా?
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: పోయి ఉండకపోవచ్చు. ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావరకు మూత మూసినా పూర్తిగా నిద్రపోవు. ఫోన్‌లాగే నెట్‌కి తగులుకుని అప్‌డేట్లు చూస్తుంటాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత మూస్తే హైబర్నేట్ (తెరిచిన పనిని డిస్కులో దాచుకుని పూర్తిగా ఆగిపోవడం) అయ్యేలా మార్చండి. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, అంతే.

ప్రశ్న: టచ్‌ప్యాడ్ కాస్త పైకి లేచింది, క్లిక్ పడట్లేదు. మూత కూడా సరిగ్గా కూర్చోవట్లేదు. స్క్రూలు బిగిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు, బిగించకండి! మీరు చెప్పిన లక్షణాలు బ్యాటరీ ఉబ్బినప్పుడు కనిపించేవే. వెంటనే చార్జర్ పీకి, లాప్‌టాప్ ఆఫ్ చేయండి. మూతను బలవంతంగా నొక్కకండి. మంచం, కర్టెన్లు, కాగితాలకు దూరంగా గచ్చు మీద ఉంచండి. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే అంటుకుంటుంది, మంటలు అదుపు చేయడం కష్టం. డేటా కాపీ చేసుకుందామని కూడా మళ్లీ ఆన్ చేయొద్దు. బ్యాటరీ తీయించాక అది ఎలాగూ దొరుకుతుంది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి ఉబ్బిందని స్పష్టంగా చెప్పి తీసుకెళ్లండి, కొరియర్‌లో పంపకండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలోనో, పాతసామాన్లవాడికో ఇవ్వొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. సర్వీస్ సెంటర్‌లోనే అప్పగించి రండి.