నోటు తిరగరాసే ముందు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

సార్వా ధాన్యం డబ్బు పడగానే బాకీలవాళ్లందరికీ తలా కాస్త సర్దేద్దామనుకుంటున్నావట. ఆ పని చెయ్యకు. అలా సర్దితే ఒక్క అప్పూ తీరదు, నాలుగు రోజులు ఫోన్లు తగ్గుతాయంతే.

ముందు కోడలిపిల్లని కూర్చోబెట్టుకుని బాకీలన్నీ ఓ పుస్తకంలో రాయి. ఎవరికి, అసలెంత, నూటికెంత, ప్రామిసరీ నోటు తేదీ, తాకట్టు ఏమిటి. తనకి చెప్పని చేబదుళ్లు ఉంటే అవీ రాయాల్సిందే. ధాన్యం డబ్బులోంచి మక్తా (కౌలు), దాళ్వా అంటే రెండో పంట పెట్టుబడి, ఏప్రిల్ దాకా ఇంటి ఖర్చు తీసి పక్కన పెట్టు. పెట్టుబడి కూడా బాకీలకి పోస్తే ఊడ్పుల నాటికి మళ్లీ మూడు రూపాయల వడ్డీకే పరిగెత్తాలి.

మిగిలినదంతా వడ్డీ ఎక్కువున్న ఒక్క నోటు మీదే వెయ్యి. గట్టిగా అరిచేవాడికి ముందిచ్చేస్తాం మనం. గొంతు కాదు, వడ్డీ చూడు. బ్యాంకు పంట రుణం 7 శాతమంటే నెలకి నూటికి అర్ధరూపాయి పైచిలుకు. మూడు లక్షల లోపుదై గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది, కాబట్టి ఆ గడువు మాత్రం తప్పకు. మూడు రూపాయల వడ్డీ ఏడాదికి 36 శాతం!

అసలు ముంచేది నోటు తిరగరాయడం. లక్షకి మూడేళ్ల వడ్డీ 1,08,000. మూడేళ్లు దాటితే నోటుకి కాలదోషం పట్టి కోర్టులో చెల్లదని ఆ వడ్డీని అసలులో కలిపి 2,08,000కి కొత్త నోటు రాస్తారు. ఇంకో మూడేళ్లకి అది 4,32,640. కలపకుండా ఉంటే ఆరేళ్లకి 3,16,000 అయ్యేది. అందుకని తిరగరాయక తప్పకపోతే వడ్డీ కొంతైనా కట్టి, అసలు పెరగకుండా రాయించు. పాత నోటు చేతికొచ్చాకే కొత్తదానిమీద సంతకం. "ఇంట్లో ఉంది, రేపిస్తా" అంటే నువ్వూ రేపే చెయ్యి.

కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు పడాలి: తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, అసలుకా వడ్డీకా. గడువులోగా నువ్వు చెల్లు మీద సంతకం పెడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుందని కూడా తెలుసుకో. చేతికివ్వకుండా ఖాతాలో వేస్తే మంచిది. ఖాళీ నోటు, ఖాళీ చెక్కు మాత్రం తోడబుట్టినవాడికైనా ఇవ్వొద్దు. సంతకం చేసిన ఖాళీ నోటుని నింపుకునే హక్కు పట్టుకున్నవాడికి చట్టమే ఇస్తుంది.

కోడలు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే బంగారం బ్యాంకులో పెట్టి మూడు రూపాయల నోటు తీర్చెయ్యొచ్చు. గడువు దాటితే వేలం వేస్తారు, ఆ తేదీ గోడ కేలండర్ మీద రాసుకో.

చెక్కు చెల్లలేదని నోటీసొస్తే పోస్టుమాన్‌ని తిప్పి పంపకు. అందిన 15 రోజుల్లో కట్టకపోతే కేసు పెట్టొచ్చు. బ్యాంకు రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. లోన్ యాప్ వాళ్లు ఫొటోలతో బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పు.

అప్పులవాళ్లతో మాట కుదరకపోతే న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చెయ్యి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల ఆఫీసుకెళ్లు. వాళ్లు రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ అయితే అది కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానం, అప్పీలుండదు, కాబట్టి నీ పంటకి తట్టుకునే వాయిదాలకే ఒప్పుకో: డిసెంబరుకొకటి, మేకొకటి. వెళ్లేటప్పుడు బాకీల పుస్తకం, నోట్ల జెరాక్సులు, బ్యాంకు పాసుపుస్తకం పట్టుకెళ్లు.

మీ పెదనాన్న