ఈసీజీ చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

నర్సింగ్ పూర్తయ్యాక గుండె వార్డులో చేరానని, ఈసీజీ కాగితం చేతికి రాగానే అది ఏ జబ్బో గుర్తుపట్టాలన్న కంగారులో ఏమీ తోచడం లేదని మీరు రాశారు. చాలాకాలంగా ఐసీయూలో పనిచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: జబ్బుల బొమ్మలను కొన్నాళ్లు పక్కన పెట్టి, మామూలుగా ఉన్న ఈసీజీలనే రోజూ ఒకే వరుసలో చదవండి.

ముందుగా చూడవలసింది గీతలను కాదు, గడులను. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిస్తే చిన్న గడి 0.04 సెకను, అయిదు చిన్న గడులు కలిసిన పెద్ద గడి 0.2 సెకను అవుతాయి. నిలువున 10 మిల్లీమీటర్లు ఒక మిల్లీవోల్టు. ఈ కొలతలు ఆ కాగితం మీదే ముద్రించి ఉంటాయి. ఎవరైనా యంత్రంలో తరంగాల ఎత్తును సగానికి మార్చి వదిలేస్తే ఆరోగ్యవంతుడి తరంగాలు కూడా పొట్టిగా కనిపిస్తాయి కనుక ఈ కొలతలను చూడనిదే ముందుకు పోవద్దు.

ప్రతి స్పందనలో నిటారుగా పైకి లేచే మొనే ఆర్ శిఖరం. రెండు ఆర్ శిఖరాల మధ్య ఉన్న పెద్ద గడులతో 300ను భాగిస్తే నిమిషానికి గుండె వేగం వస్తుంది. నాలుగు గడులుంటే 75. లయ సమంగా లేనప్పుడు ఈ లెక్క పనికిరాదు, అప్పుడు పది సెకన్ల పట్టీలోని ఆర్ శిఖరాలను లెక్కించి ఆరుతో హెచ్చించాలి.

తరువాత పీ తరంగం, అంటే గుండె పై గదులైన కర్ణికల వల్ల ఆర్ శిఖరానికి ముందు వచ్చే చిన్న అల. గుండె స్పందనను మొదలుపెట్టే సైనస్ నోడ్ కుడి కర్ణిక పైభాగంలో ఉంటుంది, అక్కడి నుంచి విద్యుత్తు కిందికి, ఎడమవైపుకు సాగుతుంది. అందుకే పీ రెండో లీడ్‌లో (లీడ్ అంటే గుండె విద్యుత్తును ఒక కోణం నుంచి చూపే గీత) పైకి, కుడి భుజం వైపు నుంచి చూసే ఏవీఆర్ లీడ్‌లో కిందికి ఉంటుంది. ఈ కారణం అర్థమైతే సగం బట్టీ తప్పుతుంది. ఒకటో లీడ్‌లో అన్నీ తలకిందులై, ఏవీఆర్‌లో పైకి లేచి, ఛాతీ లీడ్లు మాత్రం సజావుగా ఉంటే, గుండె కుడివైపున ఉందేమోనని అనుమానించే ముందు చేతులకు పెట్టిన ఎరుపు, పసుపు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. ఆపై పీఆర్ వ్యవధి (పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా) మూడు నుంచి అయిదు చిన్న గడులు, క్యూఆర్ఎస్ (కింది గదుల తరంగం, ఆర్ శిఖరం ఇందులోదే) వెడల్పు మూడు చిన్న గడులలోపు ఉన్నాయో లేదో కొలవాలి.

లయను కంటితో తేల్చవద్దు. ఒక రాత్రి చలికి వణుకుతున్న పెద్దాయన ఈసీజీలో అడుగు గీత రంపపు పళ్లలా ఉండి పీ తరంగాలు కనిపించకపోవడంతో, పక్కనున్న అమ్మాయి కర్ణికలు అదురుతున్నాయనుకుంది. తెల్ల కాగితం అంచున మూడు ఆర్ శిఖరాలకు గుర్తులు పెట్టి పక్కకు జరిపితే, ప్రతి శిఖరమూ గుర్తు మీదే పడింది. కర్ణికలు అలా అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో సాధారణంగా అంత సమత ఉండదు. దుప్పటి కప్పి, చేతులు వదులుగా పెట్టించి మళ్లీ తీశాక పీ తరంగాలు స్పష్టంగా వచ్చాయి.

క్యూఆర్ఎస్‌కూ దాని తరువాతి టీ తరంగానికీ మధ్య ఉండే ఎస్‌టీ భాగాన్ని చివరన నేర్చుకోండి, అదీ ఒక్క లీడ్‌ను కాక పక్కపక్క ప్రాంతాల లీడ్లను కలిపి చూస్తూ: రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లు గుండె కింది గోడకు, ఛాతీ లీడ్లలో వీ1 నుంచి వీ4 ముందు గోడకు. నేర్చుకునే దశలో ఉన్నా ఛాతీనొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరుకు చూపించాలి. యంత్రం పైన 'నార్మల్' అని ముద్రించినా సరే చూపించాలి, నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి. గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగా ఉండటం అరుదేమీ కాదు.